మిగతా సంతకాలు మీరే పెట్టేయండి సార్

"సార్, పదకొండు సంతకాలు తక్కువ పడ్డాయి. మళ్ళీ అంత దూరం రాలేం. మీవాళ్ళే కదా, మీరే పెట్టేయండి."

పొద్దున ఆరున్నరకి వాట్సాప్‌లో వచ్చింది. చివర నమస్కారం బొమ్మ కూడా. పంపింది పీహెచ్‌డీ పిల్లాడు. టాపిక్ ఏంటో తెలుసా? ఆదివాసీల హక్కులు! టీ గొంతు దిగలేదు నాకు.

పోయిన నెల మా గూడెం వచ్చారు నలుగురు. తునికాకు సీజన్. తెల్లారకముందే అడవికి పోయి, ఎండ ముదిరాక వచ్చి కట్టలు కట్టుకునే రోజులు. కట్టలు కడుతున్న మా చిన్నమ్మ ముందు ట్యాబ్ పట్టుకుని నలభై నిమిషాలు కూర్చున్నారు. రోజుకి ఎన్నిసార్లు తింటారు, సారా తాగుతారా, మీ ఆయన కొడతాడా! చిన్నమ్మకి తెలుగు సంతలో బేరమాడేంతే వచ్చు, మిగతాదంతా కోయే. నేను మధ్యలో చెప్తుంటే "ఆమె అంత పొడుగ్గా మాట్లాడింది, మీరు ఒక్క ముక్కే చెప్పారేంటి సార్?" అని అనుమానం. ఆమె మాట్లాడింది మీ గురించే బాబూ. తెలుగులో చెప్తే బాగుండదు.

ఆ సంతకాలు పెట్టాల్సిన ఒప్పుకోలు ఫారం ఆరు పేజీలు, ఇంగ్లీషు. అందరి దగ్గరా వేలిముద్రలే. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చని నాలుగో పేజీలో ఉంది. తప్పుకోవాలంటే ఈమెయిల్ పెట్టాలట. పెడుతుంది మా చిన్నమ్మ, ఆగండి, ఆకు కట్టలు అయిపోనివ్వండి.

వేల్పుల గుడి దాకా చెప్పులతో పోయి ఫొటోలు తీశారు. పటేల్ వద్దన్నాడు. "రీసెర్చ్ కోసమే అంకుల్" అన్నారు. అంకులట!

అదంతా మింగాను. ఈ "మీరే పెట్టేయండి" మాత్రం మింగుడు పడలేదు. మా దగ్గర ఇది పాత మాట. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టని 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి సూదులేశారు. హాస్టళ్ళలో ఉండి చదువుకునే మా పిల్లలకి కూడా. అమ్మానాన్నలు ఊళ్ళోనే ఉన్నారు, అడగాలంటే బస్సెక్కాలి కదా, ఎవరెక్కుతారు? వార్డెన్ల చేత సంతకాలు పెట్టించేశారు. 2010లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో లెక్క ఉంది: 9,543 ఫారాల్లో 2,763 వార్డెన్లు పెట్టినవే. ఇంకో 1,948 వేలిముద్రలు. టీకాతో నాకు గొడవ లేదు, మా అమ్మాయికి నేనే వేయిస్తా. కానీ వార్డెన్ ఎప్పటినుంచి తల్లయ్యాడండీ? ఆ వార్డెన్లకి కూడా ఎవడో ఇలాగే నవ్వుతూ చెప్పుంటాడు, మీ పిల్లలే కదా, మీరే పెట్టేయండి అని.

ఇప్పుడు కామెంట్లలోకి వస్తారు, మీకు సైన్స్ అంటే భయం అని. అమెరికాలో గ్రాండ్ క్యానియన్ దగ్గరుండే హవసుపాయి అనే ఆదివాసుల దగ్గర షుగర్ జబ్బు కోసమని రక్తం తీసుకుని స్కిజోఫ్రీనియా పరిశోధనకి వాడారు. మీ పూర్వీకులు ఎక్కడినుంచో వలస వచ్చారని తేల్చడానికి కూడా వాడారు. వాళ్ళు కేసు వేశారు. 2010లో ఆ రక్తం తీసుకున్న యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం వెనక్కిచ్చింది. మా గూడెంలో రెండేళ్ళ కింద తీసుకెళ్ళిన రక్తానికి కాగితం ముక్క కూడా రాలేదు. ఏ ఫ్రిజ్‌లో ఉందో.

సెమినార్లలో మాత్రం హైమండార్ఫ్ అనే విదేశీ మానవశాస్త్రవేత్త ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో గోండుల మధ్య కాపురమున్నాడని తెగ చెప్తారు. చెప్పేవాళ్ళలో కోయలో మంచినీళ్ళు అడగగలిగినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

అసలు నా తప్పే. డిగ్రీలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన వెంట మూడు నెలలు ఊళ్ళు తిరిగాను. పాటలు రాసిచ్చాను, అర్థాలు చెప్పాను, జ్వరమొస్తే ఆయన్ని బండి మీద భద్రాచలం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పుస్తకం వచ్చింది. అందులో నా పేరేంటో తెలుసా? "ఒక స్థానిక యువకుడు". ఆయన బస చేసిన లాడ్జి పేరు మాత్రం ఉంది.

ఇది టైప్ చేస్తుండగానే ఇంకో మెసేజ్. "సార్, ఈరోజు సాయంత్రంలోగా అయితే బాగుంటుంది."