ప్రాగ్ డ్రమ్మర్ ఎదుగుదలని డ్రమ్ముల లెక్కతో కొలవకండి

బేసి తాళాలతో పొడవాటి పాటలు కట్టే ప్రాగ్రెసివ్ మెటల్ (మన వాడుకలో ప్రాగ్) ఇష్టపడే మన కుర్రాళ్ల మధ్య ఒక పోస్టు చాలాకాలంగా చేతులు మారుతోంది. ఒక పక్క పేరున్న డ్రమ్మర్ కుర్రతనపు ఫొటో, ముందు నాలుగైదు డ్రమ్ములు. రెండో పక్క అదే మనిషి, తల మాత్రమే కనిపించేంత పెద్ద కిట్ వెనక. కింద ఉన్న మాటల సారం ఇది: "ప్రాగ్ డ్రమ్మర్ ఎదిగేకొద్దీ కిట్ పెరుగుతూనే ఉంటుంది. రెండు బేస్ డ్రమ్ములు లేకుండా ఈ సంగీతం కుదరదు. ట్రిగ్గర్లు వచ్చాక కాళ్లకి కష్టమే లేదు. సామాను మారేది కంపెనీలు డబ్బిచ్చి మార్పించడం వల్లే. ఈ దారిలోకి రావాలంటే మొదటే పెద్ద కిట్ కొనండి."

ఆ చివరి మాట నమ్మి అప్పు చేసేవాళ్లు కూడా ఉంటారు. అందుకే ఒక్కో మాటా విడిగా తీసుకుని జవాబు చెప్పాలనిపించింది.

"ఎదిగేకొద్దీ కిట్ పెరుగుతూనే ఉంటుంది."

దీనికి జవాబు రష్ అనే బ్యాండు డ్రమ్మర్ నీల్ పియర్ట్‌తో మొదలుపెట్టాలి. రష్ బ్యాండ్ వాయించింది ప్రాగ్రెసివ్ రాక్. కానీ తరువాత మెటల్ వైపు వెళ్లిన ప్రాగ్ డ్రమ్మర్లలో చాలామంది పెద్ద కిట్ కల కన్నది ఆయన్ని చూసే. 1974లో రష్‌లో చేరగానే రికార్డు కంపెనీ ఇచ్చిన అడ్వాన్సుతో టొరంటోలో స్లింగర్లాండ్ కంపెనీ చేసిన ఒక క్రోమ్ కిట్ కొన్నాడు. అందులో అప్పటికే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ములు, అంటే బేస్ డ్రమ్ములు, రెండున్నాయి. పేరు రాకముందే ఆ రెండూ ఆయన ముందున్నాయన్నమాట. ఆ దశాబ్దం చివరికి గంటల్లా మోగే ట్యూబులర్ బెల్స్, గ్లాకెన్‌స్పీల్, కొయ్యతో చేసిన టెంపుల్ బ్లాక్స్ లాంటివి చుట్టూ చేరాయి. ఒక్కో పాట ఇరవై నిమిషాల దాకా సాగిన రోజులవి. బ్యాండులో ఉన్నది ముగ్గురే. ఆ పొడవాటి పాటల్లో కొత్త శబ్దం కావాలంటే ఆ ముగ్గురిలోనే ఎవరో ఒకరు పుట్టించాలి.

1984 నాటికి ఆయన వెనక సిమన్స్ ఎలక్ట్రానిక్ ప్యాడ్ల కిట్ ఒకటి వచ్చింది. తరువాత కిట్ మొత్తం గుండ్రంగా తిరిగే వేదిక మీదకెక్కింది. ఎలక్ట్రానిక్స్ పెరిగాక ఆ గంటలూ కొయ్యముక్కలూ చాలావరకు వెళ్లిపోయాయి, వాటి శబ్దాలు శాంపిల్స్‌గా, అంటే ముందే రికార్డు చేసిన ముక్కలుగా, ప్యాడ్లలోకి చేరాయి. 1990ల నడిమికి రెండో బేస్ డ్రమ్ కూడా పోయింది. ఒకే బేస్ డ్రమ్, దాన్ని రెండు కాళ్లతోనూ కొట్టేలా డబుల్ పెడల్. అదే దశాబ్దంలో ఆయన ఫ్రెడీ గ్రూబర్ అనే గురువు దగ్గర మళ్లీ పాఠాలకి కూర్చుని, స్టిక్ పట్టుకునే తీరే మార్చుకున్నాడు. అప్పటికి ఇరవయ్యేళ్లుగా పెద్ద పెద్ద స్టేడియాల్లో వాయిస్తున్న మనిషి! నా దృష్టిలో ఆయన కెరీర్ మొత్తంలో అతి పెద్ద మార్పు అదే, ఏ ఫొటోలోనూ అది కొట్టొచ్చినట్టు కనపడదు. చివరికి 2015 టూర్‌లో, కచేరీ రెండో సగంలో పాత పాటలు వాయించడానికి, 1970ల నాటి తన కిట్‌ని పోలిన కిట్ చేయించుకుని మళ్లీ రెండు బేస్ డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. పెరిగింది, తగ్గింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ప్రతిసారీ కారణం ఆ ఏడాది వాయించాల్సిన పాటలే.

ఇక మైక్ పోర్ట్‌నాయ్. 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ కాలేజీలో డ్రీమ్ థియేటర్ అనే ప్రాగ్రెసివ్ మెటల్ బ్యాండుకి పునాది వేసిన ముగ్గురిలో ఒకడు. పోస్టు రాసినవాళ్ల మనసులో ఉన్నది బహుశా ఈయనే, ఎందుకంటే 2000ల మొదట్లో ఈయన కిట్ నిజంగానే చూసినవాళ్లు నోరు తెరిచేంతగా పెరిగింది. "సయామీస్ మాన్‌స్టర్" అని పేరు పెట్టుకున్న టామా కంపెనీ కిట్‌ని జాగ్రత్తగా చూడండి. ఒక పెద్ద డబుల్ బేస్ కిట్‌కి పక్కనే ఒకే బేస్ డ్రమ్ ఉన్న చిన్న కిట్‌ని అతికించినట్టు ఉంటుంది. పెద్ద కిట్‌తో అన్నీ అయిపోతే పక్కన చిన్నది ఎందుకు? చిన్న కిట్‌లో ముందుండే చిన్న డ్రమ్ములు (టామ్‌లు) తక్కువ కాబట్టి లయ నడిపే కంచు పళ్లెం, అంటే రైడ్ సింబల్, కిందికీ దగ్గరికీ వస్తుంది. చేతులు తక్కువ దూరం తిరుగుతాయి. పాత రాక్ పద్ధతిలో బరువుగా, సాదాగా వాయించాలంటే ఆ కూర్పే హాయి. 2010లో డ్రీమ్ థియేటర్ వదిలాక, ది వైనరీ డాగ్స్ అనే ముగ్గురి బ్యాండులో ఆయన కూర్చున్నది చాలా చిన్న కిట్ వెనక. 2023లో డ్రీమ్ థియేటర్‌కి తిరిగొచ్చాక మళ్లీ పెద్ద కిట్. మధ్యలో ఆయన చేతుల్లో నైపుణ్యం తగ్గి మళ్లీ పెరిగిందని ఎవరైనా అంటారా?

పెద్ద కిట్లన్నీ ఆర్భాటమేనని మాత్రం నేను అనను. పోర్ట్‌నాయ్ లేని కాలంలో ఆ బ్యాండులో వాయించిన మైక్ మాంజీని కిట్ కూడా భారీదే. దానికి ఒక లెక్క ఉంది. ఆయన కుడి చేత్తోనూ ఎడమ చేత్తోనూ సమానంగా నడిపించగలిగే డ్రమ్మర్, అందుకని డ్రమ్ముల్ని రెండు వైపులకీ సరిసమానంగా పేర్చుకున్నాడు. ఆ చేతులు ముందు తయారయ్యాయి, వాటికి తగ్గట్టు కిట్ తయారైంది.

"రెండు బేస్ డ్రమ్ములు లేకుండా ఈ సంగీతం కుదరదు."

పోర్క్యుపైన్ ట్రీ, తరువాత కింగ్ క్రిమ్సన్ అనే ప్రాగ్ బ్యాండుల్లో వాయించిన గావిన్ హారిసన్ ఒకే బేస్ డ్రమ్‌తో, డబుల్ పెడల్‌తో వాయిస్తాడు. ఈ సంగీతంలో ఆయన కంటే సూక్ష్మంగా లయని విడగొట్టి మళ్లీ కలిపేవాళ్లు అరుదు. ఈ ఒక్క పేరుతోనే ఆ మాట తేలిపోతుంది. కానీ రెండింటికీ తేడా ఏమిటో తెలుసుకోవడం మంచిది.

డబుల్ పెడల్‌లో ఎడమ కాలి పెడల్ నుంచి ఒక ఇరుసు కుడివైపు పెడల్ దాకా వెళ్లి, అక్కడున్న రెండో బీటర్‌ని (డ్రమ్‌ని కొట్టే సుత్తిని) తిప్పుతుంది. ఆ ఇరుసు బరువు, కీళ్లలో ఉండే కాస్త వదులు ఎడమ కాలికి తెలుస్తాయి. కొందరికి ఎడమ కాలు మందకొడిగా అనిపించడానికి అదొక కారణం. ఇంకొకటి, ఒకే డ్రమ్ మీద వేగంగా కొడితే ముందు దెబ్బకి హెడ్ (డ్రమ్ మీది పొర) ఇంకా ఊగుతుండగానే తరువాతి దెబ్బ పడుతుంది, శబ్దం కాస్త అణుగుతుంది. రెండు డ్రమ్ములైతే ఒక్కోదానికీ ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. అటు రెండు డ్రమ్ములకీ ఒకే ట్యూనింగ్ కుదరడం కష్టం, రికార్డింగ్‌లో మైకులు పెరుగుతాయి, ఎడమ కాలితో మూసి తెరిచే జంట సింబల్స్ (హై-హ్యాట్) పక్కకి జరుగుతుంది. వాయించగలిగే దెబ్బల సంఖ్య మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకటే. అది మీ కాళ్లని బట్టి ఉంటుంది.

"ట్రిగ్గర్లు వచ్చాక కాళ్లకి కష్టమే లేదు."

ఈ మాట నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే ఇది ఏళ్ల తరబడి కాళ్లతో సాధన చేసినవాళ్ల కష్టాన్ని ఒక్క ముక్కలో తీసిపారేస్తుంది. ట్రిగ్గర్ అంటే డ్రమ్ అంచుకి బిగించే చిన్న సెన్సర్. హెడ్ అదిరిన క్షణాన్ని పట్టుకుని మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టెకి చెబుతుంది, అక్కడ ముందే పెట్టిన శబ్దం మోగుతుంది. కొట్టని దెబ్బని అది కొట్టదు. తాళం తప్పితే ఆ తప్పుని అంతే స్పష్టంగా వినిపిస్తుంది. బాగా వేగంగా వాయించేటప్పుడు కాలు ఎత్తే ఎత్తు తగ్గుతుంది, దెబ్బ తేలికవుతుంది, గిటార్ల హోరులో మైకు ఒక్కదానికే అది సరిగా అందదు. ట్రిగ్గర్ పుట్టింది ఆ ఇబ్బందికి. నిజమైన అభ్యంతరం వేరే ఉంది. ప్రతి దెబ్బనీ ఒకే బలంతో వినిపించేలా పెడితే గట్టి దెబ్బకీ మెత్తటి దెబ్బకీ తేడా పోతుంది. అది మంచి విమర్శే, ఆ విమర్శ డ్రమ్మర్లే చేశారు. డ్రీమ్ థియేటర్ 1992 ఆల్బమ్‌లో తను వాయించిన స్నేర్ (కిట్ నడిమి చిన్న డ్రమ్) శబ్దం మీద నిర్మాత ట్రిగ్గర్ చేసిన శాంపిల్ వేయడం నచ్చలేదని పోర్ట్‌నాయ్ బాహాటంగానే చెప్పాడు.

మెషుగా అనే మెటల్ బ్యాండు సంగతి కూడా చెప్పాలి. 2005లో వచ్చిన ఆ బ్యాండు ఆల్బమ్‌లో డ్రమ్స్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేసినవి. దాన్ని వాళ్లు దాచిపెట్టలేదు. అందులో వాడిన శబ్దాలు ఆ బ్యాండు డ్రమ్మర్ టోమస్ హాకే డ్రమ్ముల నుంచి తీసుకున్న శాంపిల్సే. 2008 ఆల్బమ్‌లో అదే హాకే కాళ్లతో వాయించిన బేస్ డ్రమ్ వరసల్ని నేర్చుకోవడానికి ఇవాళ్టికీ కుర్రాళ్లు నెలలు నెలలు కష్టపడుతున్నారు. పరికరం చేతిలో ఉన్నంత మాత్రాన ఆయన సాధన మానలేదు.

"సామాను మారేది కంపెనీల వల్లే."

ఇందులో కొంత నిజం ఉంది. ఎండార్స్‌మెంట్ (మా సామానే వాడమని కంపెనీ చేసుకునే ఒప్పందం) వల్ల బ్రాండ్ మారుతుంది, కిట్ రంగు మారుతుంది, డ్రమ్మర్ పేరు పెట్టిన స్నేర్ బజారులోకి వస్తుంది. కానీ చాలా మార్పులు వాయించేవాళ్ల అవసరం నుంచి వచ్చి, తరువాత కంపెనీకి చేరాయి. 1983లో పర్ల్ కంపెనీ తెచ్చిన డ్రమ్ ర్యాక్ టోటో బ్యాండు డ్రమ్మర్ జెఫ్ పోర్కారో ఆలోచనతో పుట్టింది. పది స్టాండ్ల కాళ్లు నేలంతా పరుచుకునే బదులు ఒకే చట్రానికి అన్నీ బిగించి, ప్రతి ఊళ్లోనూ అదే ఎత్తులో అదే కోణంలో నిలబెట్టొచ్చు. సింబల్స్ చేసే సేబియన్ కంపెనీతో కలిసి పోర్ట్‌నాయ్ చేసిన స్టాక్ సింబల్స్ కూడా అలాంటివే. రెండు సింబల్స్‌ని ఒకదానిమీద ఒకటి బిగిస్తే శబ్దం వెంటనే తెగిపోతుంది. బేసి తాళాల్లో ఒక్క దెబ్బ నొక్కి చెప్పాలంటే అలా తెగే శబ్దం కావాలి.

టూల్ బ్యాండు డ్రమ్మర్ డానీ కేరీ కథ మనకి ఇంకా దగ్గరిది. ఆయన అలోక్ దత్తా దగ్గర తబలా నేర్చుకున్నాడు. చర్మం మీద వేలు మధ్యలో పడితే ఒక శబ్దం, అంచున పడితే ఇంకొకటి అన్నది మృదంగం, తబలా విని పెరిగిన మనకి కొత్త కాదు. మామూలు ఎలక్ట్రానిక్ ప్యాడ్‌కి ఆ తేడా తెలియదు, ఎక్కడ కొట్టినా ఒకే శబ్దం. కేరీ వాడే మాండాలా ప్యాడ్ దెబ్బ మధ్యన పడిందా అంచున పడిందా గుర్తించి శబ్దం మారుస్తుంది. ఒక మనిషి నేర్చుకున్న విద్య అతని సామానుని ఎలా మారుస్తుందో చూడాలంటే నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

కొన్ని మార్పులకి డ్రమ్మరూ కారణం కాదు, కంపెనీ కూడా కాదు. లోతైన శబ్దానికి పేరుపడ్డ బుబింగా అనే ఆఫ్రికా చెక్క 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి వచ్చింది. ఆ చెక్కతో చేసిన కిట్‌ని దేశం దాటించడానికే అప్పట్లో కాగితాలు కావాల్సి వచ్చింది.

"మొదటే పెద్ద కిట్ కొనండి."

వద్దు. మన దగ్గర కాలేజీ ఫెస్టయినా చిన్న వేదికయినా సాధారణంగా అక్కడ ఉన్న అయిదు డ్రమ్ముల కిట్ మీదే అన్ని బ్యాండులూ వాయించాలి. డ్రమ్మర్ వెంట తెచ్చుకునేది స్నేర్, పెడల్, సింబల్స్, స్టిక్స్. కాబట్టి డబ్బు ముందు వాటి మీద పెట్టండి. ఇంట్లో ప్రాక్టీస్ ప్యాడ్, మెట్రోనోమ్ ఉంటే మొదటి ఏడాదికి సరిపోతాయి. తరువాత మంచి డబుల్ పెడల్, తరువాత సింబల్స్. చవక కిట్లతో వచ్చే సింబల్స్ ఎక్కువగా ఇత్తడివి. నూటికి ఎనభై పాళ్లు రాగి, ఇరవై పాళ్లు తగరం కలిపిన కంచు సింబల్ ఒక్కటి పక్కన పెట్టి కొడితే తేడా మీకే వినపడుతుంది. నడుము నొప్పి పెట్టని స్టూల్ కొనండి, దాని ఎత్తు మీ మోకాళ్లకి తగ్గట్టు మార్చుకుంటూ చూడండి. కిట్ శబ్దం నచ్చకపోతే ముందు హెడ్స్ మార్చి ట్యూనింగ్ నేర్చుకోండి, పాత డ్రమ్ములే వేరేలా మోగుతాయి. ఇంకో టామ్ కొనాల్సిన రోజు మీకే తెలుస్తుంది. మీరు కట్టిన పాటలో ఒక చోట చెయ్యి అలవాటుగా గాల్లోకి వెళ్లి, అక్కడ డ్రమ్ లేక ఆగిపోతుంటే, ఆ చోటుకి ఒక డ్రమ్ కొనండి.