దుప్పి మీదికి దున్న తూటా

భారీ తూటాల వల్ల వేటగాడికి కలిగే ఆచరణాత్మక ప్రయోజనాల గురించి ఈ మధ్య ఒక పెద్దమనిషి నాకు గంటసేపు ఉపన్యసించారు. ఆయన వేటాడేది దుప్పిని. కొన్నది .458 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే తూటా పేల్చే రైఫిల్. 1956లో ఏనుగుల కోసం, ఆఫ్రికా దున్నల కోసం పుట్టిన తూటా అది. గుండు బరువు 500 గ్రెయిన్లు, అంటే 32 గ్రాముల పైమాటే. ఇంతెందుకండీ అంటే, "సమయానికి అక్కరకు వస్తుంది" అన్నారు. మేత మేస్తున్న దుప్పికి ఉన్నట్టుండి తొండం మొలిచే సమయం కాబోలు.

గాయపడ్డ దున్న పొదలోంచి మీదికి దూకుతున్నప్పుడు ఇలాంటి తుపాకీ చేతిలో ఉండాల్సిందే, కాదనను. ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో .375 అంగుళాల కంటే సన్నటి గుండుతో దున్న వేటకు చట్టమే ఒప్పుకోదు. కానీ దుప్పి మీదికి రాదు. పారిపోతుంది. పాపం, దానికి తెలిసిన విద్య అదొక్కటే.

ఆయన చెప్పిన మొదటి ప్రయోజనం, గుండు పొదలను చీల్చుకుని తిన్నగా పోతుందట. పోదు. ఎంత లావు గుండైనా కొమ్మ తగిలితే దారి తప్పుతుంది. రెండోది, తగిలిన జంతువు ఎగిరి పడుతుందట. న్యూటన్ ఒప్పుకోడు. జంతువును ఎగరేసేంత ఊపు గుండుకు ఉంటే, అంత ఊపూ తుపాకీ మడమలోంచి ముందు ఈయన భుజానికే ముడుతుంది. ఎగిరి పడాల్సింది మొదట ఈయనే. ఇక దూరమంటారా, 100 గజాలకు గురి సరిచేసుకుంటే 200 గజాల దగ్గరకు ఆ గుండు దాదాపు జానెడు కిందికి దిగుతుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు గానీ, బ్రహ్మాస్త్రం వేసినవాడి భుజాన్ని తన్నినట్టు నేనెక్కడా చదవలేదు.

గురి సాధన మైదానంలో ఆ తన్ను చూసే భాగ్యం కలిగింది. మొదటి తూటాకే టెలిస్కోపు అంచు వెనక్కి వచ్చి కనుబొమ మీద ఎర్రటి నెలవంక గీసింది. రెండోదానికి టోపీ పోయింది. మూడోదానికి ముందు శిక్షకుడు ఆయన చూడకుండా ఒక ఉత్తుత్తి తూటా తుపాకీలో పెట్టాడు. పెద్దమనిషి పళ్లు బిగించారు. భుజం ముందుకు తోశారు. రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, బావిలోంచి బకెట్టు లాగినట్టు ట్రిగ్గర్ లాగారు. "టిక్" మంది. తుపాకీ పేలలేదు, ఆయన మాత్రం పేలారు. గొట్టం మూతి నేలకు వంగింది, కుర్చీ కిర్రుమంది, మోచేతి కింది ఇసుక మూట దొర్లిపోయింది. కాసేపటికి ఒక కన్ను తెరిచి, "తగిలిందా?" అన్నారు.

కారమోజో బెల్ అనే వేటగాడు గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. గొప్ప పని అనడం లేదు. కానీ వాటిలో ఎక్కువ భాగం కూలింది 7 మిల్లీమీటర్ల సన్నటి తూటాకు. ఏనుగు తలలో మెదడు ఎక్కడుంటుందో అతను పుర్రె కోసి చూసి నేర్చుకున్నాడు. మన పెద్దమనిషికి దుప్పి గుండె ముందరి కాలి వెనకే ఉంటుందని నేర్చుకునే తీరిక లేదు.

తరువాతి వారం అడవిలో ఆయన కాల్చారు. దుప్పి వీపు విల్లులా వంచి, రెండు గంతులు వేసి, చెట్లలోకి పోయింది. "తప్పిపోయింది, పదండి" అన్నారు. అది నిలబడ్డ చోటికి వెళ్లి చూశాను. ఎండుటాకు మీద పలచటి నెత్తురు, అందులో నమిలిన పచ్చగడ్డి, ముక్కు మూసుకోవలసిన వాసన. తప్పలేదయ్యా! కడుపులో తగిలింది. నువ్వు కళ్లు మూసుకుని కాల్చావు. దాని పేగులు చిల్లుపడ్డాయి, అది ఈ రాత్రంతా ఎక్కడో పడుకుని చావు కోసం ఎదురు చూస్తుంది, నువ్వు పదండి అంటున్నావు! వేలెడంత తూటా కొన్నావు, వంద అడుగులు వెంట నడవడానికి నీకు కాళ్లు లేవా?

నేనూ శిక్షకుడూ చీకటి పడేదాకా నెత్తుటి చుక్కల వెంట వెళ్లాం. వాగు దగ్గర జాడ తెగిపోయింది.

తిరిగి వచ్చేసరికి ఆయన జీపులో కూర్చుని, నుదుటి మీది పట్టీ సవరించుకుంటూ, ఫోనులో .577 టిరానోసార్ అనే తూటా గురించి చదువుకుంటున్నారు. గుండు 750 గ్రెయిన్లు. ఇప్పుడున్న తుపాకీకి బలం చాలలేదట.