పదకొండో వచనం సరే, పదోది?

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఒక ఇల్లు. రాత్రి కుటుంబ ప్రార్థన అయిపోయింది, వాదన మొదలైంది. పిన్నమ్మ రిటైరైన నర్సు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి తీసుకున్న వాగ్దానం చీటీని, అంటే బైబిలు వచనం అచ్చు వేసిన చీటీని, ఫ్రిజ్ మీద అంటించుకుంది. రోజూ తెల్లారగానే ఫోన్లో వచ్చే వచనంతో ప్రార్థన చేసుకుంటుంది. ఆమె అక్క కొడుకుకు బెంగళూరులో ఉద్యోగం, మామిడి కోతలకని వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు బైబిల్లో బలులూ నియమాలూ ఉండే లేవీయకాండం వరసగా చదివిస్తున్నాడు. నేను అబ్బాయి పక్షమే. అయితే పిన్నమ్మ ఊరికే మాట పడే మనిషి కాదు.

పిన్నమ్మ: ఏమిరా, పడుకోబోయే ముందు కుష్ఠు మచ్చలు, బలిపశువులు! ఇంటి గోడకు మచ్చ పడితే యాజకుణ్ణి పిలిపించాలంట. ఇవన్నీ వింటే నిద్రెట్ల పడుతుంది? నాకు పొద్దున ఒక వచనం చాలు. రోజంతా దాన్నే నెమరేసుకుంటా.

అబ్బాయి: ఈ పొద్దు ఏది వచ్చింది?

పిన్నమ్మ: యిర్మీయా 29:11. రాబోయే కాలంలో మీకు నిరీక్షణ ఉంది, నా ఉద్దేశాలు మీకు హాని చేసేవి కావని. డీఎస్సీ రాసిన ఎదురింటి పిల్లకు కూడా పంపించినా.

అబ్బాయి: పదో వచనం పంపించినావా? అది బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం పిన్నమ్మా. డెబ్బై ఏళ్ళు గడిచినాకే మిమ్మల్ని వెనక్కి తెస్తానని పదో వచనంలో ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళు మళ్ళీ సొంత ఊరు చూసుండరు. అందాకా ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ పట్టణం బాగుండాలని ప్రార్థన చెయ్యండి అంటాడు. పగవాళ్ళ ఊరి కోసం! ఇవన్నీ పక్కన పడేసి, తియ్యగా ఉన్న ముక్క ఒక్కటి పంపించినావు.

పిన్నమ్మ: డెబ్బై ఏళ్ళని పంపిస్తే ఆ పిల్ల ఈ రాత్రి అన్నం తింటుందా?

అబ్బాయి: తినదులే. రేపు లిస్టులో పేరు లేకపోతే మాత్రం దేవుడే మాట తప్పినాడంటుంది.

పిన్నమ్మ: మా అమ్మకు అక్షరం రాదు. 23వ కీర్తన వినీ వినీ నోటికొచ్చింది. దాన్ని పట్టుకునే నలుగుర్ని పెంచింది, మీ అమ్మతో సహా. ఆమెకు నీ చదువుల పట్టిక ఎవరిచ్చినారు?

అబ్బాయి: అవ్వకు ఆరు వచనాలూ వచ్చు. గాఢాంధకారపు లోయా, ఎదురుగా శత్రువులూ అన్నీ అందులోనే ఉన్నాయి. నీ చీటీ 'నాకు లేమి కలుగదు' దగ్గరే ఆగిపోతుంది. ఒక్క వచనాన్ని లాక్కొచ్చి వాడితే ఏమవుతుందో మత్తయి 4లో చూడు. యేసయ్యను దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్న సాతాను చెప్పింది 91వ కీర్తనలోదే, మన హాల్లో ఫ్రేము కట్టించిందే.

పిన్నమ్మ: మరి యేసయ్య ఏమి చేసినాడు? అధ్యాయాలు చదివి వినిపించినాడా? వాడు శోధించిన మూడు సార్లూ ఒక్కో మాటే. నా మాదిరే.

అబ్బాయి: ఆ మూడూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల్లోవి. ఆ భాగమంతా లోపల ఉన్నవాడికి అవసరానికి ఆ మాట దొరికింది.

పిన్నమ్మ: నాకూ అవసరానికే దొరుకుతుంది. మొరేవియన్లని ఒక క్రైస్తవ సంఘం వాళ్ళున్నారు, మా హాస్టల్ వార్డెనమ్మ చెప్పేది. 1731 నుంచి రోజుకొక వచనం చీటీ తీసి ఏటా పుస్తకం వేస్తున్నారు. వాళ్ళకేమైనా తక్కువైందా?

అబ్బాయి: పాత నిబంధనది చీటీ తీస్తారు. దానికి తగిన కొత్త నిబంధన వచనాన్ని వెతికి పక్కన పెడతారు.

పిన్నమ్మ: ఒకటికి రెండైనాయి, అంతే కదా.

అబ్బాయి: సరే, నా గొడవేమిటో చెప్తా విను. వరసగా చదివేవాడికి తనకిష్టమైంది ఏరుకునే వీలుండదు. ఏది ఎదురొస్తే అది చదవాల్సిందే. ఇందాక లేవీయకాండం 19వ అధ్యాయం చదివినాం కదా. 'నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను' అనేది 18వ వచనం. క్యాలెండర్ల మీద, గోడల మీద ఎక్కడైనా కనిపిస్తుంది. దానికి అయిదు వచనాలు పైన, కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉండకూడదని ఉంది. ఏ చీటీ మీదైనా చూసినావా? పళ్ళెంలో ఎన్నిసార్లు చెయ్యి పెట్టినా అది రాదు, ఎందుకంటే దాన్ని అచ్చు వేసేవాడే లేడు. ఇంకొంచెం పైన, తోటలో రాలిన పండ్లు ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలెయ్యమని ఉంది. అది చదివేటప్పుడు చిన్నాయన రెండు సార్లు గొంతు సవరించుకున్నాడు. నేను చూసినా. మన తోటలో తోతాపురి కోసినవాళ్ళకు పోయిన వారం కూలి ఇచ్చినారా?

పిన్నమ్మ: ఓహో, అదా నీ కడుపులో ఉండేది! ఇంతసేపూ వాక్యం గురించి అనుకుంటి.

అబ్బాయి: వాక్యం గురించే.

పిన్నమ్మ: జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందర మన ట్రాక్టరు రెండు రాత్రులు నిలబడింది. కింద వరస కాయ మెత్తబడి నీళ్ళు కారింది. రేటేమో వాడు చెప్పిందే. ఆ డబ్బు కూడా ఇంకా వెయ్యలా. మేము ఎక్కడ్నించి తెచ్చిచ్చేది? నీకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది, కాళ్ళు చాపుకుని లేవీయకాండం చదువుతావు. పో, ఫ్యాక్టరీవాడికి చదివి వినిపించు!

అబ్బాయి: వాడికీ వినిపించాల్సిందే. కోసినవాళ్ళ ఇంట్లో పొయ్యి మాత్రం వాడు డబ్బు వేసేదాకా ఆగదు కదా.

పిన్నమ్మ: పోయిన క్రిస్మస్‌కు వచ్చి ఒక్క రాత్రన్నా ప్రార్థనలో కూర్చోలేదు. ఇప్పుడు మాకు ధర్మశాస్త్రం! ఒకటి చెప్తా, గుర్తుపెట్టుకో. మీ చిన్నాయనకు గుండె ఆపరేషన్ అప్పుడు వేలూరులో థియేటర్ బయట బెంచీ మీద కూర్చోనుంటి. నేను నర్సుని. లోపల ఏ నిమిషం ఏం చేస్తుంటారో నాకు తెలుసు, అదే నా ఖర్మ. బైబిల్ తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయినాయి. పొద్దున ఫోన్లో వచ్చిన ముక్క ఒక్కటే మిగిలింది, 'భయపడకుము, నేను నీకు తోడైయున్నాను' అని. దాన్నే గొణుక్కుంటూ కూర్చున్నా. ఆ రోజు నువ్వొచ్చి దానికి ముందు వచనం చదివినావా పిన్నమ్మా అనుంటే చెంప పగలగొట్టేదాన్ని.

(దీనికి అబ్బాయి దగ్గర జవాబు లేదు. ఆయన పక్షాన ఉన్న నా దగ్గరా లేదు.)

అబ్బాయి: ఆ రోజుకు అదే సరి. రోజూ ఆపరేషన్ కాదు కదా. మామూలు రోజుల్లో మనల్ని ఊరడించేవి చాలానే ఉన్నాయి, నిలదీసేది కూడా ఒకటి కావాలంటున్నా.

పిన్నమ్మ: (ఫ్రిజ్ దాకా పోయి నీళ్ళ సీసా తీసుకుని) ఆ కూలి వచనం ఎక్కడన్నావు?

అబ్బాయి: 19:13.

పిన్నమ్మ: పెద్ద అక్షరాలతో ఒక చీటీ మీద రాసి మీ చిన్నాయన కళ్ళజోడు కింద పెట్టు. నేను చెప్పినానని చెప్పొద్దు.

అబ్బాయి: అధ్యాయం మొత్తం వద్దా?

పిన్నమ్మ: ఆయనకు ఒకటి చాలు. పొద్దున లేస్తానే ఏటీఎంకు పోయి కూలీలకు సరిపడా డబ్బు తీసుకురా. ఫ్యాక్టరీవాడు వేసినాక నీకు తిరిగిస్తాం.