‘లాజిక్ ఎక్కడ?’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘లాజిక్ ఎక్కడ?’ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తెరమీద వింత కనబడగానే ప్రేక్షకుడి నోట పలికే ప్రశ్న కదా తమరు! ఈసారి తమరు పేచీ పెట్టుకున్నది మిషెల్ గోండ్రీ 2013లో తీసిన ఫ్రెంచి సినిమా ‘మూడ్ ఇండిగో’తో. బోరిస్ వియాన్ 1947 నాటి ఫ్రెంచి నవలే దానికి మూలం. కొలాన్ అనే డబ్బున్న కుర్రాడు క్లోయేని ప్రేమించి పెళ్లాడతాడు. పెళ్లయిన కొత్తలోనే ఆమె ఊపిరితిత్తిలో కలువ మొలుస్తుంది. ఆ కలువ దగ్గరే కదా తమరు సోఫాలోంచి లేచి నిలబడింది!

అయ్యా, మన కవులు వందల ఏళ్లుగా నాయిక కళ్లలో కలువలు పూయిస్తుంటే తమరు కిక్కురుమనలేదు. అదే పువ్వు రెండు జానలు కిందికి దిగితే మాత్రం నేరమైపోయిందా? 1957లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వరస కట్టి ఎగిరి వెళ్తుంటే చప్పట్లు కొట్టారు. 2012లో చచ్చినవాడు ఈగై పుట్టి కన్నీటిచుక్కతో అక్షరాలు రాస్తే కర్చీఫు తీశారు. అప్పుడు తమరెక్కడున్నారు, సెలవులోనా?

తమరి ఇబ్బంది మాకు తెలుసు. మన కల్పనకు గుమ్మం ఉంటుంది. వరమో, శాపమో, పునర్జన్మో, దేవకన్య పారేసుకున్న ఉంగరమో గుమ్మంలో నిలబడి ‘ఇక్కణ్ణుంచి మాయ మొదలు’ అని చెబుతుంది. పారిస్‌లోని కొలాన్ ఇంటికి ఆ గుమ్మం లేదు. కాలింగ్ బెల్లు పురుగులా గోడ మీద పాకితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఎలుక వేషంలో మనిషి ఇల్లంతా తిరుగుతుంటే ఎవరూ అడగరు. తెరమీదివాళ్లు ఆశ్చర్యపోకపోతే ఆ పని మనమీద పడుతుంది. అలవాటు లేని పని కాబట్టి ‘డైరెక్టర్ ఏం తాగి తీశాడు?’ అంటాం.

ఏం తాగాలో కూడా సినిమాలోనే ఉంది, పియానోకాక్‌టెయిల్. వాయిస్తే మద్యం కలిపి ఇచ్చే పియానో అన్నమాట. దాని లెక్కలన్నీ నవలలో ఉన్నాయి, చిత్తగించండి. ఒక్కో మీటకు ఒక్కో మద్యమో, రుచో. స్వరం ఎంతసేపు మోగితే అంత పోత: పావు స్వరానికి ఒక కొలత, నిండు స్వరానికి నాలుగు. గట్టి పెడల్ తొక్కితే గిలక్కొట్టిన గుడ్డు, మెత్తని పెడల్ తొక్కితే ఐసు. సోడా కావాలంటే పై స్థాయిలో గమకం వెయ్యాలి. యంత్రానికి ఒక లోపమూ ఉంది. జాజ్ మరీ వేడెక్కించి వాయిస్తే గ్లాసులో ఆమ్లెట్ ముక్కలు పడతాయి, మింగడం కష్టం. మద్యానికి కొలత, పొరపాటుకు కారణం, రెండూ రాసిపెట్టిన మనిషిని పట్టుకుని లాజిక్ లేదంటారా! కథ మొత్తం తానే ఊహించాడు కాబట్టి అంతా నిజమేనని వియాన్ ముందుమాటలోనే తేల్చేశాడు. అక్కడే తమరికి ఉద్యోగం ఊడింది.

ఇక ఇంటి పద్దు. నవల మొదట్లో కొలాన్ దగ్గర లక్ష డబుల్‌జోన్లుంటాయి (ఆ కథాలోకపు డబ్బు). అందులో పాతికవేలు, పెళ్లి చేసుకోరా అని స్నేహితుడు షిక్ చేతిలో పెడతాడు. షిక్ ఆ డబ్బంతా జాన్ సోల్ పార్త్ర్ అనే తత్వవేత్త పుస్తకాలకు తగలేస్తాడు. (ఫ్రెంచి తత్వవేత్త జాన్ పాల్ సార్త్ర్ పేరు తిరగేశారు. ఇది పట్టుకోకపోతే సగం హాస్యం సబ్‌టైటిల్ కిందనుంచి జారిపోతుంది.) కలువను భయపెట్టడానికి క్లోయే చుట్టూ ఎప్పుడూ తాజా పూలు ఉంచాలి. నీళ్లు రోజుకు రెండు చెంచాలు మించకూడదు. పూలకు డబ్బు కావాలి, డబ్బుకు ఉద్యోగం కావాలి. ఆ ఉద్యోగం ఏమిటంటే, బట్టలు విప్పి మట్టిమీద బోర్లా పడుకుని ఒంటి వేడితో తుపాకీ గొట్టాలు మొలిపించడం. కొలాన్ ఒంటి కింద మొలిచిన గొట్టాల చివర ఉక్కు గులాబీలు పూస్తాయి. సరుకు పనికిరాదు, ఉద్యోగమూ పోతుంది. పూల ఖర్చు మాత్రం ఆగదు. ఇంత వరసగా మన ఆసుపత్రి బిల్లు కూడా ఉండదండీ.

డబ్బు తరుగుతున్నకొద్దీ గదులు కుంచించుకుపోతాయి, కిటికీలకు మసక పడుతుంది, బొమ్మలోంచి రంగు దిగిపోతూ చివరికి నలుపు తెలుపు మిగులుతుంది. రిమోట్ కోసం వెతక్కండి, టీవీ బాగానే ఉంది.

‘ఎలుక ఉంది కాబట్టి పిల్లల సినిమా’ అని తీర్పిచ్చి పిల్లల్ని కూర్చోబెట్టింది కూడా తమరి శిష్యులే. అందులో గుండె పెరికే పరికరంతో హత్య జరుగుతుంది. క్లోయే శవపేటికను మోసే తీరు పెద్దవాళ్లకే మింగుడుపడదు.

ఇంత చెప్పాం కదా అని ఇది మచ్చలేని సినిమా అనుకునేరు. తమరి మీద మా అసలు కోపం వేరే. తమరు అరిచే అరుపులో అడగవలసిన ప్రశ్న వినబడకుండా పోతోంది. మొదటి అరగంటలో తిండి కదులుతుంది, పెదాలు కలిసేలోపు కాళ్లు రబ్బరులా సాగి నాట్యం చేస్తాయి, క్రేను కట్టిన మేఘంలో ప్రేమికులు పారిస్ చుట్టివస్తారు. ఒక్కోటీ ముచ్చటే. కానీ కన్ను ఒక వింత మీంచి ఇంకో వింత మీదకు పరుగెత్తుతుంటే మనిషి మొహం మీద ఎప్పుడు ఆగాలి? క్లోయే దగ్గడం మొదలుపెట్టేసరికి ఆమె ఇంట్లో సామానంతా మనకు తెలుసు, ఆమే సరిగ్గా తెలియదు. ఫ్రెంచి సినిమాలకిచ్చే సీజర్ అవార్డుల్లో 2014లో ఈ సినిమాకు కళాదర్శకత్వానికే బహుమతి రావడం మాకు వింతగా అనిపించలేదు. ‘ఏడుపు రాలేదు’ అన్న ప్రేక్షకుడి ఫిర్యాదు న్యాయమైనది. పాపం ఆయన తమరి మాట అరువు తెచ్చుకుని ‘లాజిక్ లేదు’ అనేసి వెళ్లిపోతాడు.

ఇంకో సంగతి. ‘సాగదీశాడు’ అనేవాళ్లూ ‘హడావుడిగా ముగించాడు’ అనేవాళ్లూ కొట్టుకునే ముందు నిడివి చూసుకోవాలి. ఫ్రాన్స్‌లో విడుదలైంది 131 నిమిషాలు. బయటి దేశాలకు పంపిన కూర్పు సుమారు 94. అంటే అరగంటకు పైగా కోత. యూరప్ డీవీడీ అయితే సెకనుకు 24 ఫ్రేముల బొమ్మను 25 లెక్కన తిప్పుతుంది కాబట్టి 131 కాస్తా 126 దాకా దిగుతుంది. అది కోత కాదు, కంగారు పడొద్దు.

చిత్తగించవలెను.

ఇట్లు,
కలువ పక్షం ప్రేక్షకులు

తా.క.: 94 నిమిషాలది చూసి కూడా ‘లాగ్’ అన్నవారికి విడిగా రాస్తాం. ఆ ఉత్తరం 131 నిమిషాల నిడివి ఉంటుంది.