హంతకుడు ఇవాళ రాలేనన్నాడు

నల్ల హుడీలను విద్యార్థులకు అందుబాటులో లేకుండా చేయాలని సంబంధిత అధికారులకు ఈ వ్యాసం ద్వారా సవినయంగా విన్నవించుకుంటున్నాను. సంబంధిత అధికారులు ఎవరో నాకు తెలియదు. తుపాకులకు లైసెన్సులిచ్చేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు కదా, ఆ ఫైలు పక్కనే ఈ ఫైలూ పెట్టుకుంటే సరిపోతుంది.

మీడియా కోర్సులో "గ్రూప్ ప్రాజెక్టు: రెండు నిమిషాల థ్రిల్లర్ సీక్వెన్స్" అని బోర్డు మీద రాయగానే ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. ఐదుగురు గుండ్రంగా కూర్చుంటారు. ఐదుగురూ దీర్ఘంగా ఆలోచిస్తారు. ఐదుగురికీ నల్ల హుడీ వేసుకున్న ఒక మనిషి కనిపిస్తాడు. వాడు నడుస్తుంటాడు. ఒకమ్మాయి వెనక్కి తిరిగి చూస్తుంది. వాడు ఇంకా నడుస్తుంటాడు. ఆ అమ్మాయి ఇంకోసారి చూస్తుంది. ఫోన్ కిందపడుతుంది. తెర నల్లబడుతుంది. ఎవరు వాడు, ఎందుకు నడుస్తున్నాడు, అంత తీరిక ఎలా దొరికింది అని అడిగితే "అది మిస్టరీ సార్" అంటారు.

ఇలాంటి ప్రదర్శనలకు నన్ను అతిథిగా పిలుస్తుంటారు. ముందు వరుసలో కూర్చోబెడతారు కాబట్టి మధ్యలో లేచిపోయే వీలుండదు. ఆ సీట్లో కూర్చుని హుడీలను చూడగా చూడగా నాకొక జ్ఞానోదయం అయింది. హంతకుడి ముఖం ప్రేక్షకులకు కనబడకూడదని హుడీ పెట్టారని మనం అమాయకంగా అనుకుంటాం. అసలు కారణం వేరే. హంతకుడు షూటింగ్‌కి రాలేదన్న సంగతి మనకు తెలియకూడదు.

ఒక్కసారి ఆ షూటింగ్‌ని ఊహించుకోండి. మొదటిరోజు హంతకుడు పొడుగ్గా, సన్నగా ఉంటాడు. కారిడార్ చివరి నుంచి నడిచొస్తుంటే, ఒప్పుకోవాలి, బాగానే ఉంటుంది. రెండోరోజు వాడికి జ్వరం. జ్వరమని గ్రూపులో మెసేజ్ పెట్టాడు. సాయంత్రానికి వాడి స్టేటస్‌లో ఇంకేదో కనబడింది, దాన్ని వదిలేద్దాం.

"హంతకుడు రాలేనన్నాడ్రా."

"హుడీ ఉందా?"

"ఉంది."

"అయితే హంతకుడు వచ్చినట్టే."

ఆ రోజుకి హంతకుడు కెమెరామన్. వాడు పొట్టి. మరి కెమెరా ఎవరు పట్టుకోవాలి? చనిపోవాల్సిన అమ్మాయే పట్టుకుంటుంది. తనను చంపడానికి వస్తున్నవాణ్ణి ఫోన్‌లో చూసుకుంటూ "కొంచెం నెమ్మదిగా రా బాబూ, ఫోకస్ పోతోంది" అని బతిమాలుతుంది. వాడు మళ్లీ వెనక్కి వెళ్లి మళ్లీ చంపడానికి వస్తాడు. "కత్తి పైకెత్తు." ఎత్తుతాడు. "అంత ఎత్తకు, అట్టముక్కని తెలిసిపోతోంది." దించుతాడు. దర్శకుడు ఎక్కడున్నాడని అడక్కండి. దర్శకులు ముగ్గురు. ఒకాయన ఫోన్‌లో సలహాలిస్తున్నాడు, ఒకాయన "నేను కాన్సెప్ట్ చూసుకున్నాను కదా" అంటున్నాడు, మూడో ఆయన జ్వరంతో ఉన్న హంతకుడే.

మూడోరోజు కెమెరామన్‌కి కూడా ఏదో పని పడుతుంది. వచ్చింది ఆ అమ్మాయి ఒక్కతే. నాలుగు పుస్తకాలు పేర్చి, వాటికి ఫోన్ ఆనించి, రికార్డింగ్ నొక్కి, హుడీ వేసుకుని, తానే హంతకుడై నడుస్తుంది. వెనక్కొచ్చి హుడీ తీసేసి, తానే హతురాలి చెయ్యై తలుపు గడియ పెడుతుంది. మళ్లీ హుడీ వేసుకుని బయటి నుంచి అదే తలుపు బాదుతుంది. తనను తాను ఇంత శ్రద్ధగా తరుముకున్న మనిషి ఇంకెక్కడా ఉండరు. స్టూడెంట్ థ్రిల్లర్లలో నడిచే కాళ్లు ఎందుకన్ని కనిపిస్తాయో నాకు అప్పుడు అర్థమైంది. కాళ్ల షాట్ అయితే ఒక్కరే తీసుకోవచ్చు.

ఇక ఫలితం. కారిడార్‌లో అడుగుపెట్టినప్పుడు హంతకుడిది ఆరడుగుల ఎత్తు, కాళ్లకు స్పోర్ట్స్ షూ. మలుపు తిరిగేసరికి ఐదున్నర, చెప్పులు. తలుపు దగ్గరికొచ్చేసరికి ఐదు, కాళ్లకేమీ లేవు. దారిలో కత్తి కుడిచేతి నుంచి ఎడమచేతికి మారింది. కిటికీలోంచి పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ షాటు మార్చి షాటు పడుతుంటాయి. పైగా కెమెరాని ఒకరోజు కారిడార్‌కి ఈ గోడ వైపు, మర్నాడు ఆ గోడ వైపు పెట్టారు. పాత్రలు కదిలే దారి వెంబడి ఒక గీత ఉందనుకుని, కెమెరా ఆ గీత దాటకుండా చూసుకోవాలనే 180 డిగ్రీల నియమం వాళ్ల సిలబస్‌లోనే ఉంది. దాటితే ఏమవుతుందో తెరమీద చూశాం: హంతకుడు ఎడమ నుంచి కుడికి, హతురాలు కుడి నుంచి ఎడమకి. తరుముతున్నాడని మనం నమ్మాలి. చూడ్డానికి మాత్రం చాన్నాళ్ల తర్వాత కలుసుకోబోతున్న స్నేహితుల్లా ఎదురెదురుగా పరిగెత్తుకొస్తున్నారు.

శబ్దం గురించి చెప్పేదేం లేదు. గాలి. అంతే.

సినిమా అయిపోయాక రిపోర్టు ఉంటుంది. అందులో "హిచ్‌కాక్ స్ఫూర్తితో" అన్న మాట తప్పకుండా ఉంటుంది. థ్రిల్లర్లకు పేరుపడ్డ ఆ దర్శకుడు, పాపం, కాదనడానికి లేడు, 1980లోనే వెళ్లిపోయాడు. బల్ల కింద బాంబు ఉందనుకోండి అని ఆయన ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫోకి విడమరిచి చెప్పాడు. ఆ సంగతి ప్రేక్షకుడికి చెప్పకుండా పేల్చేస్తే 15 సెకన్ల ఉలికిపాటు. ముందే చెప్పి, బల్ల దగ్గరున్నవాళ్లను కబుర్లలో పెడితే 15 నిమిషాల టెన్షన్. మనవాళ్లు బాంబునీ చూపించరు, బల్లనీ చూపించరు. బల్ల వైపు నడుస్తున్న కాళ్లను చూపిస్తారు.

ఒకసారి ఇదే మాట అంటే, ఒక కుర్రాడు లేచి తెలివిగా సమాధానం చెప్పాడు. "సార్, హిచ్‌కాక్ తీసిన 'సైకో'లో షవర్ సీన్ తీసినప్పుడు కూడా హంతకుడి పాత్ర చేసిన నటుడు సెట్లో లేడు. వేరేవాళ్లతో తీశారు."

నిజమే. 1959 డిసెంబరులో ఆ సీన్ తీస్తున్నప్పుడు ఆంథనీ పెర్కిన్స్ అక్కడ లేడు. కత్తి పట్టుకుని నీడలా కనబడింది ఒక స్టంట్ నటి. కుర్రాడు చదువుకున్నాడని నాకు ముచ్చటేసింది. అయితే నాయనా, ఆ రోజుల్లో పెర్కిన్స్ న్యూయార్క్‌లో ఒక నాటకం రిహార్సల్స్‌లో ఉన్నాడు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోలేదు. తెరమీద ముప్పావు నిమిషం ఉండే ఆ సీన్ కోసం మిగిలినవాళ్లు వారం రోజులు పనిచేశారు. నలుపు తెలుపు సినిమాలో రక్తంలా కనబడాలని చాక్లెట్ సిరప్ వాడారు. ఎవరూ "నేను కాన్సెప్ట్ చూసుకున్నాను" అనలేదు. అన్నట్టు ఆ కుర్రాడు ఎవరో తర్వాత తెలిసింది. జ్వరం వచ్చిన హంతకుడు.

ఇంతవరకూ నేను నవ్వుతూనే చూశాను. టైటిల్స్ పడ్డాయి. రెండు నిమిషాల సినిమాకి ఆ టైటిల్సే సాగుతూ పోయాయి. కథ: ఐదు పేర్లు. దర్శకత్వం: మూడు పేర్లు, ఒక్కొక్కటి విడివిడిగా, పెద్ద అక్షరాల్లో, ఒక్కో దానికి ఒక్కో 'ఢాం'. హంతకుడిగా: జ్వరం బాబు. చిట్టచివర, అందరూ లేచి కుర్చీలు జరుపుకుంటున్నప్పుడు, చిన్న అక్షరాల్లో "ఎడిటింగ్ సహకారం" అని ఆ అమ్మాయి పేరు.

సహకారమట! ఎవరికి సహకారం? ఎడమ చేతిలో కత్తి ఉన్న క్లిప్పులన్నీ అద్దంలోలా తిప్పి కుడిచేతికి తెచ్చే ప్రయత్నం చేసింది ఆ పిల్ల. అది కుదరని చోట చేతులే కనబడకుండా షాటుని దగ్గరికి లాగింది. పొద్దుటి ఎండనీ సాయంత్రపు ఎండనీ ఒక రంగులోకి తేవడానికి రాత్రంతా కూర్చుంది. గాలి హోరు తీసేసి, ఆ మూగ కారిడార్‌కి అడుగుల చప్పుడు తన గదిలో తానే నేలమీద కొట్టి రికార్డు చేసి అతికించింది. పొద్దున్నే గ్రూపులో పంపితే వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? "సూపర్. నా పేరు ఇంకొంచెం పెద్దగా పెట్టు."

ఇదేం కొత్త సంగతి కాదు. ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్మాన్ మనుషుల చేత తాడు లాగించి కొలిచి, 1913లో లెక్కలు అచ్చేశాడు. మంది పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గింది. ఎనిమిది మంది చెయ్యేసేసరికి తలా దాదాపు సగమే లాగారు. లాగడంలో పొంతన కుదరకపోవడం కూడా ఒక కారణమే అనుకున్నారు. 1979లో అమెరికాలో చప్పట్లు కొట్టించి, కేకలు పెట్టించి చూశారు. పొంతన గొడవ పక్కన పెట్టినా, గుంపులో ఉన్నామనుకుంటే చాలు, మనిషి గొంతు తగ్గిస్తాడని తేలింది. ఎవరి కేక ఎంతో విడిగా తెలియనప్పుడు గట్టిగా అరవడం దేనికి? నూరేళ్ల కిందటే తాడు చెప్పిన ముక్క మన మార్కుల పద్ధతికి ఇంకా ఎక్కలేదు. ఐదుగురికీ ఒకే మార్కు. దాని పేరు టీమ్‌వర్క్. ఒకరు మోస్తే నలుగురు ఊరేగడానికి ఇంత మర్యాదైన పేరు పెట్టినవాళ్లకు సిగ్గు లేదా అని అడగాలని ఉంది. అడుగుతున్నాను కూడా.

తెలుసుకోవడం కష్టమా అంటే అదీ కాదు. ఒకరి పని మీద ఒకరు రహస్యంగా రాసి ఇచ్చే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఏ రోజు ఎవరెవరు రావాలో రాసే కాల్‌షీట్ ఉంది, పక్కన ఎవరొచ్చారో టిక్కు పెట్టుకుంటే పోయే. ప్రతి క్లిప్పు మీదా తేదీ, సమయం ఉంటాయి. కారిడార్‌లో హుడీ ఎత్తు కొలిచినా చాలు. మార్కులు వేసేవాళ్లు చూడరు. చూస్తే ఐదు మార్కులు వేయాలి, ఒకటైతే ఒక్కసారి రాసి నాలుగు చోట్ల దించుకోవచ్చు.

ఆ రోజు నేనే మైకు తీసుకుని ఒక ప్రశ్న వేశాను. హంతకుడు మలుపు తిరిగే చోట ఆ కట్ అక్కడే ఎందుకు వేశారు? ముగ్గురు దర్శకులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ముగ్గురూ వెనక వరుస వైపు చూశారు.

ఆ అమ్మాయి లేచింది. "అడుగు ఇంకా గాల్లో ఉండగానే కట్ చేశానండీ. కదలిక మధ్యలో కట్ చేస్తే, పాదం నేలకి ఆనేవరకూ చూపు ఆ పాదం మీదే ఉంటుంది. మనిషి మారాడని తెలియదు" అంది. గదిలో ఉన్న ఒక్క సినిమా మనిషి ఆవిడే. ఆ జవాబు మాస్టారు కూడా విన్నారు, తల కూడా ఊపారు. తర్వాత ఐదుగురికీ అవే మార్కులు వేశారు.