నవ్వు రాలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది

2020 మార్చి 25, శార్వరి ఉగాది. దేశం మొత్తం తలుపులు బిగించుకున్న మొదటి రోజు. ఆ రోజే జీ5 అనే ఓటీటీలో, అంటే ఇంటర్నెట్‌లో సీరియళ్లూ సినిమాలూ చూపించే చోట, పాత హాస్య సీరియల్ ‘అమృతం’కి కొనసాగింపుగా ‘అమృతం ద్వితీయం’ మొదలైంది. వేపపువ్వు కోసం బయటికి అడుగు పెట్టడానికి భయపడిన ఇళ్లలో కూడా దీని మీద అభిప్రాయానికి మాత్రం కొరత రాలేదు. ఆ అభిప్రాయాలను తేలిగ్గా తీసుకోవడం అన్యాయం. వాటి వెనక ఒక శాస్త్రం ఉంది, ఒక పద్ధతి ఉంది. వాటిని నమోదు చేయవలసిన బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి.

ముందు అర్హత సంగతి. పాత ‘అమృతం’ మొత్తం చూసినవారికే కొత్తదాన్ని తిట్టే హక్కు ఉంటుంది. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఆ సీరియల్ 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రిళ్లు నడిచింది. అమృత విలాస్ అనే హోటల్ పెట్టుకుని తంటాలు పడే అమృతరావు, అతని స్నేహితుడు ఆంజనేయులు, వీళ్ల కథ అది. మొత్తం 313 భాగాలు. ఆరేళ్ల ఆదివారాలు లెక్కపెట్టినా అటూఇటుగా అంతే. అంటే ‘ఒక్కటీ వదల్లేదండీ’ అనే పెద్దమనిషి ఆ ఆరేళ్లలో ఏ ఆదివారం రాత్రీ పెళ్లికి వెళ్లలేదు, బస్సెక్కలేదు, జ్వరంతో పడుకోలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆయన వీధిలో ఆ వేళకి ఒక్కసారి కూడా కరెంటు పోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో అలాంటి వీధి ఎక్కడుండేదో విద్యుత్ శాఖ వారు కనుక్కుని అక్కడొక శిలాఫలకం వేయించాలి.

ఇక అసలు కేసు ఆంజనేయులుది. పాతదాంట్లో అంజిగా చేసిన గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో పోయారు. హర్షవర్ధన్ అమృతరావు అనే అమృతంగా, శివన్నారాయణ ఇంటి యజమాని అప్పాజీగా, వాసు ఇంటూరి సర్వరు సర్వంగా తిరిగి వచ్చినా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. అందులో ఎల్.బి. శ్రీరామ్‌ని కూర్చోబెట్టారు. నాటకాలు, రేడియో, సినిమా సంభాషణలు, ఆ తర్వాత నటన, ఇలా అన్ని గదులూ చూసి వచ్చిన మనిషి. 2000లో ‘చాలా బాగుంది’ సినిమాలో మాటని సాగదీసి, నమిలి, సగం మింగి వదిలిన ఆ యాసతో ఊరూరా మిమిక్రీ కళాకారులకి కొన్నేళ్లు అన్నం పెట్టారు. అలాంటి సీనియర్ వస్తే ప్రేక్షకుడికి ఆనందం కలగాలి కదా? కలిగింది. ఆ వెంటనే రెండు ఫిర్యాదులు కూడా కలిగాయి. ఒకటి: ‘ఈయన మళ్లీ తన ధోరణిలోనే మాట్లాడుతున్నాడు, అంజిలా లేడు.’ రెండు: ‘ఈయన తన ధోరణి వదిలేశాడు, ఎల్.బి.లా లేడు.’ ఈ రెండూ వేర్వేరు మనుషులు చేసిన ఫిర్యాదులని పొరబడకండి. ఒకే సోఫాలో ఒకే మనిషి, మొదటి దానికీ రెండో దానికీ మధ్య టీ తాగాడు.

నిజానికి మనుషులు మారడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు. అమృతరావుగా శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ వరసగా ముగ్గురు వచ్చారు. అతని భార్య సంజీవనిగా వేసినవాళ్లూ మారారు. పక్కింటి అద్దెకున్నవాళ్లు మారినట్టుగానే జనం సర్దుకున్నారు. అంజి మాత్రం మారలేదు. కాబట్టి ఆ సీరియల్ బరువంతా ఎవరి మీద ఉండేదో చూసేవాళ్లకి అప్పట్లో తెలియలేదు. ఆలోచన అమృతానిది, దాని ఫలితం అంజిది. అమృతం తన కొత్త పథకం చెబుతుంటే నవ్వు రాదు. అది వింటున్న అంజి మొహంలో ముందు అనుమానం, తర్వాత భయం, ఆ తర్వాత ‘సరే, నా ఖర్మ’ అనే ఒప్పుకోలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నవ్వు అక్కడ పుడుతుంది. దానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. కెమెరా అంతసేపూ ఆ మొహం మీద ఆగాలి, రెండో నటుడు అంతసేపూ నోరు మూసుకోవాలి, చూసేవాడు అంతసేపూ తెరవైపే చూడాలి.

ఇందులో మూడో షరతు దగ్గరే 2020 ప్రేక్షకుడు దెబ్బ తిన్నాడు. వేగం ఒకటిన్నర రెట్లకి పెట్టి చూశాడు. మూడు సెకన్ల విరామం రెండయింది, కంగారుపడిన అంజి కంగారుగా కదులుతున్న అంజి అయ్యాడు. మాట పూర్తయిందనుకున్న చోటల్లా పది సెకన్లు ముందుకి నొక్కాడు. మాట పూర్తయ్యాక వచ్చేదే హాస్యం గనక, సరిగ్గా నవ్వున్న ముక్కలు ఏరి అవతల పారేశాడు. మిగిలిన చోట బీన్స్ ఒలుస్తూ, ఫోను చూస్తూ చెవితో విన్నాడు. ఇంత శ్రద్ధగా నవ్వుని తొలగించాక ‘టైమింగ్ లేదు’ అని తీర్పు రాశాడు. తీర్పులో తప్పు లేదు. ఆయన చూసినదాంట్లో నిజంగానే లేదు.

సీనియర్ హాస్యనటుడి విషయంలో టైమింగ్ అనే మాట పక్కన ఒక్క మాటే పనికొస్తుంది: ‘తగ్గింది.’ పెరిగిందని ఎవరూ రాయకూడదు, ఆనవాయితీ లేదు.

ఆఫీసు కామెడీకి, హోటల్ కామెడీకి మరో తెగ నిపుణులు ఉంటారు, వీళ్లని నేను ప్రత్యేకంగా గౌరవిస్తాను. వీళ్లు నవ్వడానికి కూర్చోరు, తనిఖీకి కూర్చుంటారు. అమృత విలాస్‌లో ఆహార భద్రత సంస్థ రిజిస్ట్రేషను కాగితం గోడకి ఎందుకు లేదు? 2020 నాటికి, ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారమైతే ఫీజు 100 రూపాయలే కదా! 2001లో ఆ చట్టమే లేదు గనక వదిలేశాం, ఇప్పుడు వదలం. ఇడ్లీకి మినప్పప్పు ఒకటికి రవ్వ రెండు పాళ్లు పోసి రాత్రంతా పులియబెట్టాలి కదా, మరి తెల్లవార్లూ ఈ నలుగురూ వరండాలో కబుర్లాడుతుంటే పిండి ఎవరు రుబ్బుతున్నారు?

ప్రశ్నలన్నీ న్యాయమైనవే. వాటికి జవాబు కూడా ఉంది గాని చెబితే నిరాశ పడతారు. ఆ హోటల్ సరిగ్గా నడిస్తే సీరియల్ ఆగిపోతుంది. ఇలాంటి కథకి కావలసిన సరంజామా చాలా తక్కువ: ఎవరైనా లోపలికి రాగలిగే ఒక తలుపు, ఎప్పుడూ ఖాళీగా ఉండే గల్లాపెట్టె, అద్దె అడిగే యజమాని, చెప్పిన పని తప్ప అన్నీ చేసే సర్వరు. ప్రతి ఎపిసోడ్ చివరా అప్పు మొదటికే రావాలి. లాభం వచ్చిన మరుసటి వారం రాయడానికి రచయిత దగ్గర ఏమీ ఉండదు.

టీవీకీ ఓటీటీకీ ఉన్న తేడా గురించి ఎవరూ పెద్దగా ఫిర్యాదు చేయలేదు, చేయాల్సింది దాని గురించే. టీవీలో గంటకి 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు. అంటే అరగంటలో మధ్యమధ్య కథని ఒక ఇరకాటంలో పడేసి వదలాలి, లేకపోతే జనం ఛానెల్ మార్చేస్తారు. సబ్బు ప్రకటన వస్తున్నంతసేపూ ఇంట్లోవాళ్లు ‘ఇప్పుడేం చేస్తాడ్రా’ అనుకునేవాళ్లు. ఆపైన వారం నిరీక్షణ. ఓటీటీలో ఆ సబ్బూ లేదు, ఆ ఇరకాటమూ అక్కర్లేదు. నిరీక్షణ తీసేసి పాత నవ్వు తెమ్మంటే ఎవరు తెస్తారు?

ఈ సందర్భంలో 2014 నాటి ‘చందమామలో అమృతం’ సినిమా సాక్ష్యం పనికొస్తుంది. అందులో హోటల్‌ని ఏకంగా చంద్రుడి మీదకి తీసుకెళ్లారు. అప్పుడు ‘మన హోటల్, మన వీధి వదిలేసి ఇదేం పోకడ’ అన్నారు. ఆరేళ్లకి మన హోటల్‌నే, మన మనుషులతోనే తిరిగి తెస్తే ‘మళ్లీ అదే హోటలా’ అన్నారు. భూమికీ చంద్రుడికీ మధ్య ఎక్కడైనా ఒక స్థలం సూచిస్తే నిర్మాతలు ఆలోచించేవారేమో, సూచించినవారు లేరు.

మెచ్చుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు, వాళ్ల భాష వేరు. ‘పర్లేదు, ఒకసారి చూడొచ్చు’ అంటారు. తెలుగులో ఇది పొగడ్తా తిట్టా అన్నది చెప్పినవాడు కాఫీ తాగాడా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ‘ఫ్యామిలీతో చూడొచ్చు’ అన్నది ఇంకో రకం. దాని అర్థం నవ్వొచ్చిందని కాదు, అత్తగారి పక్కన కూర్చుని రిమోట్ కోసం వెతుక్కోనక్కర్లేదని. ‘ఎల్.బి. గారు తన వంతు చేశారు’ అన్న మర్యాద కూడా వినబడింది. పెద్దవాళ్లని ఏమీ అనకుండా అంతా అనడానికి మన దగ్గర ఇంతకన్నా మంచి వాక్యం లేదు.

ఒక వర్గం సాక్ష్యాన్ని మాత్రం కొట్టివేయక తప్పలేదు. 2007 తర్వాత పుట్టిన పిల్లలు కొందరు, పాతదాని గురించి ఏమీ తెలియకుండా, మామూలు వేగంలో, కొత్త అంజిని చూసి నవ్వారు. ఎందుకు నవ్వారని పెద్దలు నిలదీశారు. పిల్లలు కారణం చెప్పలేకపోయారు. పోల్చడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు కాబట్టి ఆ నవ్వు చెల్లదని పెద్దలు అక్కడికక్కడే తేల్చి, యూట్యూబ్‌లో పాత మొదటి ఎపిసోడ్ పెట్టి, ఇప్పుడు నవ్వండన్నారు.