తల తిరిగితే చెవిలో చిప్పా? మీ ఫార్వర్డులు తగలెయ్య!

పొద్దున్నుంచి ఈ రీల్ వచ్చిన గ్రూపుల్లో ఇది నాలుగోది. ‘కళ్ళు తిరుగుతున్నాయా? చెవిలో చిప్ వేస్తే జన్మలో తూలరు!’

ఒక్క ముక్కైనా చదివి పంపితే ఒట్టు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2021లో అచ్చువేసింది ఈ చిప్ (వెస్టిబ్యులర్ ఇంప్లాంట్) వేసిన 8 మంది సంగతి. ఎనిమిదే! పెళ్ళి బంతిలో సగం వరస కూడా కాదు. అందరికీ రెండు చెవుల్లోనూ బ్యాలెన్స్ పోయింది. రెండూ ఒకేలా పోతే గిర్రున తిరగదు బాబూ, అదే అసలు సంగతి. నడుస్తుంటే ఎదురుగా ఉన్న బోర్డు ఎగురుతుంది. కరెంటు పోతే గోడ పట్టుకోవాలి. సబ్బు రాసుకుని కళ్ళు మూస్తే తూలిపోతారు. మంచం మీద పక్కకి ఒత్తిగిలితే గిర్రుమనేది వేరే, చెవిలో రాళ్ళు జారితే వచ్చేది. అది మామూలుగా తలని వరసగా అటూ ఇటూ తిప్పే ‘ఎప్లీ’ పద్ధతితోనే సర్దుకుంటుంది. దానికి ఎముక తొలిపించుకుంటారా?

‘ఆరోగ్యశ్రీలో పిల్లలకి వేసేది ఇదేగా’ అని ఇంకో మేధావి. కాదు స్వామీ, అది వినడానికి. ఇది లోపలి చెవిలో వినే భాగం పక్కనున్న, బ్యాలెన్స్ చూసే మూడు అర్ధవృత్తాకార నాళాల పని చేయడానికి. తలకి అయస్కాంతంతో అతుక్కున్న జైరో సెన్సర్ తల ఎటు, ఎంత వేగంగా తిరిగిందో కొలుస్తుంది. లోపల ఒక్కో నాళపు నరం దగ్గర ఎలక్ట్రోడ్లు. తల కదలకపోయినా సెకనుకు 100, ఆ పైన పల్సులు కొడుతూనే ఉండాలి. అటు తిరిగితే పెంచాలి, ఇటు తిరిగితే తగ్గించాలి. సున్నా దగ్గరుంటే తగ్గించేదేముంది? కరెంటు పక్క నరానికి పాకితే కళ్ళు వంకరగా కదుల్తాయి, ముఖం నరానికి తగిలితే ముఖం అదురుతుంది. ఆ చెవిలో వినికిడి కూడా తగ్గొచ్చు. నరమే చచ్చినవాళ్ళకి అసలు పనిచెయ్యదు. రీల్లో ఇవన్నీ ఎందుకుంటాయిలెండి!

అయినా నా మంట రీల్ మీద కాదు. ఆ 8 మందిలో 7గురికి చెవులు పాడైంది మందుల వల్ల. ఇక్కడ జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మంచినీళ్ళలా ఎక్కిస్తారు. కిడ్నీ సరిగా లేకపోతే అది ఒంట్లోంచి త్వరగా పోదు, లోపలి చెవిలో చేరి, తల కదలికని పసిగట్టే రోమకణాల్ని చంపుతుంది. అవి మళ్ళీ మొలిచేవి కావు. వినికిడి మాత్రం నిక్షేపంగా ఉండొచ్చు. ఇంకేం, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) నార్మల్, ‘టెన్షనమ్మా మీకు’, తల తిరుగుడుకిచ్చే బీటాహిస్టిన్ మాత్రలు ఓ స్ట్రిప్, తర్వాతి పేషెంట్!

‘నా ముక్కు చూడండి’ అని తల పట్టుకుని ఓ 15 డిగ్రీలు టక్కున తిప్పడానికి ఎంత సేపు పడుతుందండీ? కళ్ళు ముక్కు మీదే నిలిస్తే సరే. తలతో పాటు జారి మళ్ళీ గెంతి ముక్కు మీదికొచ్చాయంటే తల తిప్పిన వైపు చెవి పనిచెయ్యట్లేదు. రెండు వైపులా గెంతితే ఆ మాత్ర ఏం చేస్తుంది, కళ్ళని బుజ్జగిస్తుందా? మిషనక్కర్లేదు, బిల్లక్కర్లేదు, రెండు చేతులు చాలు. ఇంజెక్షన్ మొదలెట్టే ముందు కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, నడుస్తున్నన్నాళ్ళూ ఈ పరీక్ష. ఇది పంపండి నాలుగు గ్రూపులకి, చూద్దాం.